మూసారాంబాగ్ గుట్ట మీద గ్రీకు మంటపం

రామంతాపూర్ దూరదర్శన్ కేంద్రం దాటి అంబర్‌పేట వైపు వస్తున్నారు. మార్చి నెలాఖరు. సాయంత్రం నాలుగు దాటినా ఎండ పదును తగ్గలేదు; పడమటి సూర్యుడు ఎదురుగా ఉండి కళ్లు తెరవనివ్వడం లేదు. ముందు ఆటో, వెనక సిటీ బస్సు, పక్కన సిమెంటు బస్తాల ట్రాలీ. అలీ కేఫ్ చౌరస్తాలో ఎడమకు తిరగ్గానే రోడ్డు పల్లంలోకి దిగుతుంది. మూసీ ముందు ముక్కుకు తెలుస్తుంది, ఆ తరవాతే కంటికి. జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడల్లా రాకపోకలు ఆగిపోయాయని వార్తల్లో వింటూ వచ్చిన మూసారాంబాగ్ వంతెన ఇక్కడిదే.

నది దాటాక నేల మళ్లీ లేస్తుంది. టీవీ టవర్ స్టాప్ దగ్గర దిగి అస్మాన్‌గఢ్ ఎటు అని అడగండి, ఎవరైనా చెయ్యెత్తి చూపిస్తారు. రేమండ్ సమాధి ఎటు అని అడిగితే కొందరు ఒక్క క్షణం ఆగుతారు. సందులోకి మళ్లండి. రెండు పక్కలా మూడంతస్తుల ఇళ్లు, పిట్టగోడల మీద ఆరేసిన దుప్పట్లు, ఏదో కిటికీలోంచి పోపు వాసన, గుమ్మంలో బండి కడుగుతున్న కుర్రాడు. దారి ఎక్కుడుగా ఉంది. నాలుగడుగులు వేసేసరికి ఊపిరి అందడం కష్టమై, ఇది గుట్ట అన్న సంగతి కాళ్లకు తెలుస్తుంది. ఇళ్లు కప్పేయడం వల్ల కంటికి తెలియదు.

ఉన్నట్టుండి ఇళ్లు ఆగిపోతాయి. గాలి తగులుతుంది. ఎదురుగా విశాలమైన అరుగు, దాని మీద ఆకాశంలోకి లేచిన నల్లని రాతి కంభం. దాని ముందు వరసలు వరసలుగా స్తంభాలతో చదును కప్పు వేసిన మంటపం. చుట్టూ హైదరాబాదే. ఈ రెండూ మాత్రం ఇక్కడివిగా అనిపించవు.

అరుగు మీదికి రండి. 180 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. పిల్లలు దాని మీద క్రికెట్ ఆడుతుంటే ఒక చివరి నుంచి బంతి విసిరినవాడి కేక రెండో చివరకు గాలిలో కొట్టుకుపోయి సగమే వినిపిస్తుంది. ముందు కంభం దగ్గరికి వెళ్దాం. 23 అడుగుల ఎత్తు, ఏడు మీటర్లన్న మాట. కింద వెడల్పుగా మొదలై పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. ఈజిప్టువాళ్లు గుడి వాకిళ్లలో నిలబెట్టిన ఒబెలిస్కుల ఆకారం. రోమన్లు వాటిని ఓడలకెక్కించి తమ నగరానికి తీసుకుపోయారు. ఆ తరవాత ఐరోపా అంతా ఆ ఆకారాన్ని తన చౌకుల్లో, తోటల్లో నిలబెట్టుకుంది. అడుగున నిలబడి తలెత్తి చూడండి. పైకి సన్నబడే కట్టడాన్ని కన్ను ఉన్నదానికంటే ఎత్తుగా లెక్క కడుతుంది. దానికి తోడు వెనక చెట్టు, గోడ ఏమీ లేకుండా ఆకాశం ఒక్కటే ఉంది కాబట్టి కొలుచుకోవడానికి కంటికి ఆధారమే లేదు. గుట్ట కొసన పెట్టడంలోని పనితనం అదే. ఇదే కంభాన్ని కింద బజార్లో నిలబెట్టి ఉంటే మేడల మధ్య పొట్టిగా మిగిలేది.

రాయి మీద అరచెయ్యి ఆనించండి. మధ్యాహ్నమంతా తాగిన ఎండను నల్ల గ్రానైటు సాయంత్రం దాకా వదలదు. చెక్కిన రెండక్షరాలు వేళ్లకు తగులుతాయి. జె, ఆర్. మిషెల్ జొవాకిమ్ మారీ రేమండ్. ఫ్రాన్స్ దేశంలో గాస్కనీ ప్రాంతంలో 1755లో పుట్టాడు, 1775లో వ్యాపారం పేరుతో పుదుచ్చేరిలో దిగాడు, 1798 మార్చి 25న హైదరాబాద్‌లో చనిపోయాడు. అప్పటికి నలభై రెండేళ్లు.

ఇప్పుడు మంటపంలోకి. ఇరవై ఎనిమిది స్తంభాలు. నేల మీద నీడలు చారలు చారలుగా పడి ఉన్నాయి, సూర్యుడు దిగేకొద్దీ అవి పొడుగవుతాయి. ఒక వరసకు ఎదురుగా నిలబడితే స్తంభాలన్నీ ఒక్క స్తంభం వెనక దాక్కుంటాయి. అర అడుగు పక్కకు జరగండి, ఒక్కసారిగా అన్నీ బయటికి వస్తాయి. ఇంకో అర అడుగు, వాటి మధ్య నుంచి నగరం ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది: ఒక వాటర్ ట్యాంకు, ఒక మినారు, ఒక అపార్టుమెంటు బాల్కనీ. కట్టినవాళ్లు ఆ ఆట కోసం కూడా కట్టారేమో అనిపిస్తుంది. మనిషి నడుస్తుంటే దృశ్యం మారాలి.

ఈ గుట్ట మీద ఉన్నదాన్ని సమాధిగానే చూస్తే సగమే చూసినట్టు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండ్, ఫ్రాన్స్ జమీందార్లకు ఒక పిచ్చి పట్టింది. తోటల్లో ఎవరూ ఉండని గుళ్లు, ఎవరూ కాపు కాయని బురుజులు, కొత్తగా కట్టిన పాత శిథిలాలు, ఏ విజయానికీ గుర్తు కాని ఒబెలిస్కులు. వాటి పని ఒక్కటే, దూరం నుంచి కనిపించి మనిషిని అటు నడిపించడం. స్టో తోటలో ఇలాంటివి పదుల సంఖ్యలో ఉన్నాయి. స్టౌర్‌హెడ్‌లో చెరువు గట్టున రోమన్ల పాంథియన్‌ను చిన్నదిగా కట్టుకున్నారు. పారిస్ దగ్గర రెట్స్ అనే చోట ఒక పెద్దమనిషి, విరిగిపోయిన మహాస్తంభం మొదలులా కనిపించే ఇల్లు కట్టించుకుని అందులో కాపురం ఉన్నాడు. ఐర్లండ్‌లో కేథరిన్ కోనలీ అనే ఆవిడ 1740 కరువులో కూలీలకు తిండి దొరకాలని 140 అడుగుల ఒబెలిస్కు కట్టించింది. కరువు పనిగా కట్టినది కాబట్టి నాకు వాటన్నిటిలోనూ అదే గౌరవం కలిగించేది.

ఆ తోటల్లోకి సమాధులు కూడా వచ్చాయి. 1778లో రూసో చనిపోతే ఎర్మెనోన్విల్ తోటలో, చెరువు మధ్య పొడుగాటి పోప్లర్ చెట్ల దీవిలో పూడ్చారు. జనం దానికోసం ప్రయాణాలు కట్టారు. చచ్చినవాణ్ణి చర్చి ఆవరణలో కాక ఆరుబయట, గాలీ వెలుతురూ ఉన్న చోట, పాత గ్రీకు రోమన్ పద్ధతిలో పడుకోబెట్టడం ఆ కాలం కొత్త ఆలోచన. సరిగ్గా ఇరవై ఏళ్ల తరవాత మూసీ దక్షిణపు గట్టున ఆ ఆలోచన నల్ల రాతిలో నిలబడింది. ఒబెలిస్కు, గ్రీకు మంటపం, గుట్ట, చుట్టూ చూపు ఆనే మైదానం, ఆ తోటల సరంజామా అంతా ఇక్కడుంది. బాగ్ అన్న మాట కూడా పేట పేరులోనే ఉంది.

అప్పటి హైదరాబాద్ కళ్లతో దీన్ని చూడండి. 1798లో ఈ ఊరివాడికి గొప్ప కట్టడం అంటే కమాను, గుమ్మటం, సున్నపు పూలపని. చార్మినార్ అలాంటిది, మక్కా మసీదు అలాంటిది, గోల్కొండ రాజుల సమాధులు అలాంటివి. ఈ గుట్ట మీదికి ఎక్కి వచ్చినవాడికి వీటిలో ఏదీ కనిపించదు. నిలువు కంభం, అడ్డ దూలం, చదును కప్పు, అంతే.

ఆ కంభం కింద పడుకున్నవాడి బతుకు ఎలాంటిదో కాసేపు ఈ నీడలో కూర్చుని వినండి. పుదుచ్చేరిలో దిగినవాడు మైసూరు వైపు వెళ్లి హైదర్ అలీ పక్షాన పోరాడాడు, ఫ్రెంచి సేనాని బుస్సీ దగ్గర పనిచేశాడు, 1786లో రెండో నిజాం అలీ ఖాన్ కొలువులో చేరాడు. చేరినప్పుడు అతని కింద ఉన్నది మూడు వందల మంది. పదేళ్లలో అది పదివేలు దాటిన సైన్యమైంది. ఐరోపా పద్ధతి కవాతు, ఫ్రెంచి అధికారులు, సొంత ఫిరంగులు. ఆబిడ్స్ పక్కన గన్‌ఫౌండ్రీ అని మనం పిలిచే చోటు ఆ ఫిరంగుల కార్ఖానా. 1795లో ఖర్డా దగ్గర మరాఠాలతో యుద్ధంలో నిజాం వెనక్కి తగ్గినా, ఇతని పటాలాలు మాత్రం గట్టిగా నిలబడ్డాయి. ఎదుటి వైపు సింధియా సైన్యానికి కవాతు నేర్పినవాళ్లు కూడా ఐరోపావాళ్లే. అదే ఏడాది నిజాం కొడుకు ఆలీజా తిరగబడితే అణచడానికి వెళ్లినవాడు మళ్లీ ఇతనే.

ఫ్రాన్స్‌లో రాజును చంపి విప్లవం నడుస్తున్న రోజులవి. ఇక్కడ దక్కన్‌లో ఒక నవాబు కొలువులో ఉన్న పటాలం ఫ్రెంచి విప్లవపు మూడు రంగుల జెండా కింద నడిచేది. సిపాయిల గుండీల మీద స్వేచ్ఛకు గుర్తయిన టోపీ బొమ్మ ఉండేది. మూసీ నీళ్లు తాగే పల్లెల కుర్రాళ్ల చొక్కాల మీద పారిస్ వీధుల గుర్తు! నిజాం అతనికి యుద్ధంలో మహాసర్పం అని అర్థం వచ్చే అజ్దర్ జంగ్ బిరుదిచ్చాడు. జనం మాత్రం తమ నోటికి తగ్గట్టు మలుచుకున్నారు. ముస్లింలు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రామ్ అన్నారు.

1798 మార్చిలో హఠాత్తుగా పోయాడు. విషం పెట్టారన్న పుకారు పుట్టింది, ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ సెప్టెంబర్ ఒకటిన నిజాం ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం చేసుకున్నాడు, ఫ్రెంచి పటాలాన్ని రద్దు చెయ్యాలన్నది అందులో ముఖ్యమైన షరతు. జీతాల బాకీతో రగిలిపోతున్న సిపాయిలు తమ అధికారుల మీదే తిరగబడ్డారు. అక్టోబర్ 22న ఇంగ్లీషు దళాలు చుట్టుముట్టాయి. ఒక్క తూటా పేలకుండా వేలమంది ఆయుధాలు కింద పెట్టారు. పన్నెండేళ్లు కట్టిన సైన్యం, కట్టినవాడు పోయిన ఏడు నెలలకు లేకుండా పోయింది. ఆ పని నడిపించినవాళ్లలో ముఖ్యుడు ఇంగ్లీషు రెసిడెంటు జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్.

ఆ కిర్క్‌పాట్రిక్ కూడా తోటపిచ్చి ఉన్నవాడే. నదికి ఆ ఒడ్డున, కోఠీలో, 1803లో మొదలుపెట్టి కట్టించిన రెసిడెన్సీ మహలు ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరున్న మహిళా విశ్వవిద్యాలయంలో ఉంది. ఆ ఆవరణలో, జనానా తోట ఉండే చోట, ఆ మహలుకే చిన్న నమూనా ఒకటి కట్టి ఉంది. పరదా దాటి మహలు ముందు భాగం చూడలేని భార్య ఖైరున్నీసా కోసం కట్టించాడని చెప్పుకుంటారు. ప్రేమతో కట్టిన అచ్చమైన తోట కట్టడం. ఓడించినవాడిదీ, ఓడిపోయిన సైన్యం నాయకుడిదీ ఇలా ఒకే ఊళ్లో, ఒకే కాలపు రుచితో, నదికి అటూ ఇటూ మిగిలాయి. ఖైరున్నీసా ఉన్న రంగ్ మహల్‌ను తరవాతి రెసిడెంట్ల కాలంలో పడగొట్టేశారు, నమూనా మిగిలింది. లక్నోలో ఇంకో ఫ్రెంచివాడు క్లాడ్ మార్టిన్ కాన్‌స్టాన్షియా అనే వింత మహలు కట్టిస్తూ 1800లో పోయాక దాని నేలమాళిగలోనే పడుకున్నాడు. అది ఇప్పుడు పేరున్న బడి. వాటి పక్కన చూస్తే రేమండ్ కట్టడం చిన్నదే. కానీ ఆ రెండింటికీ లేనిది దీనికొకటి ఉంది.

అది చూడాలంటే ఇక్కడే కూర్చుని రెండు వందల ఏళ్లు వెనక్కి వెళ్లండి. మూడో నిజాం సికందర్ జా కాలం. అదే మార్చి 25, ఇదే సాయంత్రపు వేళ. కింద ఇళ్లు లేవు. బండరాళ్లు, తుప్పలు, ఈత చెట్లు, దూరంగా మూసీ. కాలిబాట వెంట జనం ఎక్కి వస్తున్నారు. వాళ్లలో ముదురు వయసు మనుషులను గమనించండి, నడకలో ఇంకా కవాతు మిగిలి ఉంది. చేతుల్లో ఊదుబత్తుల కట్టలు, కొబ్బరికాయలు. ఎవరో నూనె కుండ మోసుకొస్తున్నారు, ఎందుకంటే ఈ మంటపం దీపాలు పెట్టడానికే. చీకటి పడేసరికి స్తంభాల మధ్య దీపాలు వెలుగుతాయి. నల్ల కంభం మీద ఆ వెలుగు కింది సగం దాకే పాకి ఆగుతుంది, పై సగం చీకట్లో కలిసిపోతుంది. కొబ్బరికాయ పగిలిన చప్పుడు. ఒకరు ఫాతిహా చదువుతుంటే పక్కనే ఇంకొకరు చేతులు జోడించారు. అంతలో నిజాం నుంచి వచ్చిన మనిషి ముందుకొస్తాడు. అతని చేతిలో ఉన్నది చాదర్ కాదు, పూలబుట్ట కాదు. ఒక చుట్టల పెట్టె, ఒక బీరు సీసా. పోయినవాడికి ఏది ఇష్టమో నిజాంకు తెలుసు. ఏటేటా సికందర్ జా అవే పంపేవాడని ఈ ఊరి చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. ఉరుసులా సాగిన ఆ జాతర 1940 దాకా నిలిచింది. దాదాపు నూట నలభై ఏళ్లు!

నేను ఈ మంటపాన్ని ప్రేమించడానికి కారణం ఇదే. కట్టినవాళ్ల మనసులో ఏథెన్స్ ఉండి ఉండవచ్చు, కాని ఎక్కి వచ్చినవాళ్లకు కనిపించింది వేరు. కమాను లేకుండా కంభం మీద దూలం, దూలం మీద చదును కప్పు అన్నది గ్రీకుల గుడి పద్ధతి. మన గుడి మంటపం పద్ధతి కూడా అదే. హనుమకొండ వేయిస్తంభాల గుడి చూసినవాడు ఈ ఇరవై ఎనిమిది స్తంభాలను చూసి కొత్త పడడు. మంటపం ఎదుట నిలువెత్తు కంభం ఉంటే కొబ్బరికాయ చేతబట్టినవాడికి అది ధ్వజస్తంభం స్థానంలోనే కనిపిస్తుంది. ఊదుబత్తి తెచ్చినవాడికి గుట్ట మీద సమాధి, దీపాలు, ఏడాదికొక రోజు, అంతా దర్గా లెక్కనే ఉంది. ఐరోపా తోటల్లో ఇలాంటివి కంటికి వేడుకగా మిగిలిపోయాయి. పూజకు రాని గుళ్లు అవి. ఇక్కడ ఆకారం వాళ్లది, అర్థం మనవాళ్లు ఇచ్చింది. ఈ సంగతి ఎక్కడో పుస్తకంలో చెప్పినది కాదు, ఈ స్తంభాల మధ్య నిలబడినప్పుడు నాకు తోచింది. మీరూ నిలబడి చూడండి.

ఇక లేవండి, చీకటి పడకముందు ఈ గుట్టల వరస మీది రెండో వింతను కూడా చూడాలి. కాస్త దూరంలో రాతి బురుజులు, కోట కంగోరాలతో ఒక చిన్న భవంతి ఉంది. పాయిగా నవాబు, తరవాత హైదరాబాద్ ప్రధాని అయిన సర్ ఆస్మాన్ జా 1885లో విహారం కోసం కట్టించుకున్న అస్మాన్‌గఢ్. ఐరోపా నడిమి యుగాల కోటకు దక్కన్ గ్రానైటులో చేసిన నకలు. ఎవరి మీదా యుద్ధం చెయ్యని కోట. బాగానే ఉంటుంది, కానీ రెండు నిమిషాలు చూస్తే చాలు. ఎవరి కోరికో తీరిందన్న తృప్తి తప్ప అందులో నాకు ఇంకేమీ దొరకలేదు. మళ్లీ ఇటే వద్దాం.

వెళ్లేముందు మంటపాన్ని ఒకసారి బయటి నుంచి పూర్తిగా చూడండి. మీరు ఇంతసేపూ కూర్చున్నది 1798 నాటి కప్పు కింద కాదు. 2001 వానలకు ఆ మంటపం కూలిపోయింది. రెండు వందల ఏళ్ల ఎండావానా తట్టుకున్నది పట్టించుకునే నాథుడు లేక ఒక వానాకాలంలో నేలమట్టమైంది. చదును కప్పుకు శత్రువు నీరే. గుమ్మటం మీది నీరు జారిపోతుంది. చదును కప్పు మీది నీరు సన్నని బీటలో నిలుస్తుంది, సున్నాన్ని కరిగిస్తుంది, ఆ బీటలో రావి మొలకెత్తుతుంది, దాని వేరు దూలాన్ని పెకలిస్తుంది. ఏడాదికోసారి మొలకలు పీకి బీటలు పూడిస్తే ఆగిపోయే జబ్బు అది. తరవాత మళ్లీ నిలబెట్టారు, అదే పోలికలో. నిలబెట్టినందుకు సంతోషమే. అయినా పాత సున్నపు పూతకు ఉండే మెత్తదనం, అంచుల అరుగుదల ఏ డబ్బూ తిరిగి తేలేదు. ఒబెలిస్కు మాత్రం మొదటిదే.

అందుకే అడగాల్సినవాళ్లం అడుగుదాం. వాన మొదలవకముందే ఏటా ఆ కప్పును ఒకసారి ఎక్కి చూడమని పురావస్తు శాఖను అడుగుదాం. ఈ గుట్ట మీద ఎవరు పడుకున్నారో, మంటపంలో దీపాలు ఎందుకు పెట్టేవారో తెలుగులోనూ ఉర్దూలోనూ రాసిన మంచి బోర్డు పెట్టమని అడుగుదాం. రామంతాపూర్, నాచారం, ఉప్పల్ బడుల పిల్లలను గోల్కొండకు తీసుకుపోయే టీచర్లు, ఒక పూట ఇక్కడికీ తీసుకురండి. మూసీ దాటితే చాలు. మీరు మాత్రం మార్చి 25న రండి. ఊదుబత్తి తెచ్చినా సరే, కొబ్బరికాయ తెచ్చినా సరే, ఊరికే వచ్చి స్తంభాల మధ్య నడిచినా సరే. గోడల మీద పేర్లు మాత్రం రాయకండి.